హనోయి చేపకు సారంగాపూర్ పసుపు

వియత్నాం రాజధాని హనోయి పాతబస్తీలో చా కా అని ఒక వీధి ఉంది. ఒక చేప వంటకం పేరునే ఆ వీధికి పెట్టుకున్నారు. దానికి పేరు తెచ్చిన పాత హోటల్ 1871లో మొదలైందని చెప్తారు. అక్కడ చేప ముక్కలకు పసుపు, అల్లం జాతి దుంప, పులిసిన మెతుకుల పులుపు పట్టించి నిప్పుల మీద కాలుస్తారు. తర్వాత తినేవాళ్ల ముందే చిన్న పొయ్యి మీద పెనం పెట్టి, గుప్పెళ్లకొద్దీ సోయకూర, ఉల్లికాడలు వేసి ముక్కలను తిప్పుతారు. సన్నటి బియ్యపు సేమియా మీద వేసుకుని, వేయించిన పల్లీలు చల్లుకుని తింటారు.

దినుసులను మళ్లీ ఒకసారి చూడండి. పసుపు, చేప, సోయకూర, ఉల్లికాడలు, పల్లీలు, బియ్యం. సారంగాపూర్‌లో గాని, జగిత్యాల మార్కెట్‌లో గాని దొరకనిది ఇందులో ఏముంది?

అయినా మన ఇండ్లలో “ఇయ్యాల రాత్రికి చైనీస్ చేద్దాం” అనుకోగానే మొదట చేసే పని దుకాణానికి పోయి సోయా సాస్, చిల్లీ సాస్, వెనిగర్ సీసాలు తేవడం. ఏ వంట చేసినా ఆ మూడే పడతాయి కాబట్టి ఏది చేసినా ఒకే రుచి వస్తుంది. దుకాణంలో దొరకని దినుసు ఒక్కటి పట్టికలో కనబడితే చాలు, ఆ వంట మనవల్ల కాదని వదిలేస్తాం.

ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నది ఒక్కటే. పరాయి వంటను ఇంటికి తెచ్చుకునేటప్పుడు మన పొలంతో, మన అంగడితో మొదలుపెట్టండి. ప్రతి దినుసునూ పట్టుకుని “ఈ వంటలో దీని పనేమిటి?” అని అడగండి. ఆ పని చేయగలిగినది మీ ఇంట్లో చాలాసార్లు ముందే ఉంటుంది.

మార్చి వండుకోవడం మనకు కొత్తేమీ కాదు

పొద్దుగూకితే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఫాస్ట్ ఫుడ్ బండ్ల మీద వేగే మంచూరియా చైనా నుంచి దిగింది కాదు. కోల్‌కతాలో పుట్టిన చైనా సంతతి వంటగాడు నెల్సన్ వాంగ్ 1975లో ముంబైలో దాన్ని మొదటిసారి చేశానని చెప్పుకున్నాడు. అల్లం, ఎల్లిగడ్డ, పచ్చిమిర్చి వేయించడం వరకు మన పద్ధతే. గరం మసాలా పడాల్సిన చోట సోయా సాస్ పోసి, కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబరిచాడు. మన నోటికి ఏం కావాలో, ఆ వంటకు ఏం కావాలో రెండూ తెలిసినవాడు కనుకనే అది ఊరూరా నిలబడింది.

మండి కూడా అలాగే వచ్చింది. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు హైదరాబాద్ బార్కస్‌లో స్థిరపడ్డారు. వాళ్ల ఇండ్ల వంట ముందు నగరానికి, తర్వాత జిల్లా పట్నాలకు పాకింది. మన జిల్లాల నుంచి గల్ఫ్‌కు పోయి వచ్చినవాళ్లకు ఆ రుచి ముందే తెలుసు కాబట్టి ఇక్కడ తొందరగా కలిసిపోయింది. ఇంకొకరు మార్చి ఇచ్చినదాన్ని ఇష్టంగా తింటున్నాం. అదే మార్పు మన చేతులతో, మన సరుకుతో మనమూ చేసుకోవచ్చు.

దినుసు పేరు పక్కన దాని పని రాయండి

తూర్పు ఆసియా, ఆగ్నేయాసియా వంటల్లో ప్రతి దినుసూ ఏదో ఒక పని మీద వస్తుంది: ఉప్పదనం, లోతైన రుచి, పులుపు, తీపి, కారం, వాసన, చిక్కదనం. రెసిపీ దొరకగానే ఒక కాగితం తీసుకుని ప్రతి దినుసు పక్కన దాని పని రాయండి. పని తెలిస్తే బదులు దొరుకుతుంది.

సోయా సాస్‌నే తీసుకోండి. అది ఉప్పదనంతోపాటు నాలుక మీద చాలాసేపు నిలిచే లోతైన రుచినిస్తుంది. జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునాయె ఇకెడా 1908లో సముద్రపు నాచు రసాన్ని పరిశీలించి, ఆ రుచికి కారణం గ్లుటమేట్ అని తేల్చాడు. మనం అజినమోటో అనే టేస్టింగ్ సాల్ట్ అక్కడినుంచే పుట్టింది. మితంగా వాడితే అది విషమేమీ కాదు. కానీ ఇంటి వంటకు దాని అవసరం లేదు. బాగా పండిన టమాటాల్లో, పుట్టగొడుగుల్లో, ఎండు రొయ్యల్లో ఆ రుచి సహజంగానే ఉంది. అంగడిలో దొరికే ఎండు రొయ్యలను తలలు, తోకలు తీసి, సన్న మంట మీద కరకరలాడేలా వేయించి దంచి డబ్బాలో పెట్టుకోండి. థాయ్, వియత్నాం వంటల్లో చేప సాస్ అడిగిన చోట చెంచాడు పొడి, చిటికెడు ఉప్పు వేయండి. అచ్చం అదే రుచి రాదు కానీ అది చేయాల్సిన పని జరుగుతుంది.

సోయా సాస్ వాడితే మాత్రం ఉప్పు లెక్క గుర్తుంచుకోవాలి. ఒక పెద్ద చెంచాలో రెండు గ్రాములకు పైగా ఉప్పు ఉంటుంది. రోజు మొత్తానికి ఒక మనిషికి ఐదు గ్రాముల లోపే ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఇంట్లో బీపీ ఉన్నవాళ్లుంటే సాస్ పోశాక వేరే ఉప్పు వేయకండి. రుచి చూశాకే తేల్చుకోండి.

పులుపుకు మనకు కొదువ లేదు. అయితే ఏ పులుపు ఎప్పుడు పడాలో తెలియాలి. చింతపండు మరిగితే మెరుగవుతుంది. నిమ్మరసం మరిగితే వాసన పోయి చేదెక్కుతుంది, కనుక పొయ్యి కట్టేశాకే పిండాలి. పచ్చి మామిడి పచ్చిగానే బాగుంటుంది. చల్‌గల్ మార్కెట్‌కు కాయ దిగే ఎండాకాలంలో ఒక పుల్లటి కాయను తురిమి, ఎల్లిగడ్డ, పచ్చిమిర్చి, కొంచెం బెల్లం, ఎండు రొయ్యల పొడి, పల్లీలతో రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. థాయ్‌లాండ్‌లో పచ్చి బొప్పాయితో చేసే సలాడ్‌కు కూడా రోలూ రోకలే కావాలి. వాళ్ల రెసిపీలో తాటి చక్కెర అని ఉంటే మన తాటి బెల్లమో, చెరుకు బెల్లమో వేయండి.

వాసన దగ్గర చాలామంది ఆగిపోతారు. నిమ్మగడ్డి ఒక కుండీలో వేస్తే ఏడాది పొడుగునా కోసుకోవచ్చు. థాయ్ వంటలో అడిగే నిమ్మజాతి ఆకు దొరక్కపోతే పెరట్లోని నిమ్మచెట్టు లేత ఆకులు రెండు వేసి, వడ్డించే ముందు తీసేయండి. వాళ్లు వాడే అల్లం జాతి దుంపకు బదులు మన అల్లం, అడిగిన కొలతలో సగమే వేయండి. మన అల్లానికి ఘాటు ఎక్కువ.

ఇక మన దగ్గర ఎంతో ఉండి కూడా వంటలో వాడనిది పసుపు ఆకు. ఇండోనేషియాలో పశ్చిమ సుమత్రాకు చెందిన మినాంగ్‌కబావ్ ప్రజలు కొబ్బరిపాలలో మాంసాన్ని గంటలకొద్దీ మగ్గబెట్టి రెండాంగ్ వండుతారు. ఆ వంటకు దాని సువాసన ఇచ్చేవాటిలో పసుపు ఆకు ముఖ్యమైనది. కోరుట్ల, మెట్‌పల్లి, సారంగాపూర్ వైపు జూన్‌లో విత్తిన పసుపు వానాకాలమంతా ఏపుగా ఆకు వేస్తుంది. జనవరి తర్వాత కొమ్ము తవ్వే ముందు ఆ ఆకును కోసి చేనులోనే వదిలేస్తాం. మందు కొట్టని మడిలోంచి రెండు లేత ఆకులు తెచ్చి, కడిగి, మటన్ కూర ఉడికేటప్పుడు ముడివేసి వేయండి. చేప ముక్కలను ఆకులో చుట్టి ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద ఉడికించండి. మన పంటలో ఇంత సువాసన ఉందని ఆ రోజు తెలుస్తుంది.

నువ్వుల విషయం కూడా అంతే. జగిత్యాల పక్కనున్న పొలాస వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి శ్వేత, జగిత్యాల తిల్-1 లాంటి నువ్వు రకాలు వచ్చాయి. ఎండాకాలంలో నువ్వు వేసే రైతులు మన చుట్టూ ఉన్నారు. చైనా, కొరియా వంటల్లో చివర చెంచాడు చల్లే నూనె వేయించిన నువ్వుల నుంచి తీసింది. మన గానుగ నూనె పచ్చి నువ్వులది, కనుక దాంట్లో ఆ కమ్మటి వాసన రాదు. గుప్పెడు నువ్వులను చిటపటలాడే వరకు వేయించి, వేడి మీదే దంచి, వంట దించాక చల్లండి. సీసా కొనకుండానే ఆ పని జరిగిపోతుంది.

చిక్కదనానికి కొబ్బరిపాలు కావాలంటే కొండగట్టు నుంచో ధర్మపురి నుంచో వేములవాడ నుంచో వచ్చిన రోజున కొట్టిన కొబ్బరికాయ ఇంట్లో ఉంటుంది. పచ్చి చిప్పలను తురిమి, గోరువెచ్చని నీళ్లతో మిక్సీలో తిప్పి బట్టలో పిండండి. మొదట వచ్చే చిక్కటి పాలు చివర్లో పోయాలి, రెండోసారి తీసిన పలుచటివి ఉడకడానికి వాడాలి. కార్న్‌ఫ్లోర్ అన్నచోట ఒక జాగ్రత్త అవసరం. అది మక్కల నుంచి తీసిన తెల్లటి గంజిపిండి. మన గిర్నీలో పట్టించిన పచ్చటి మక్కపిండి వేస్తే చారు జిగురు పట్టదు, గరగరలాడుతుంది. ఆ తెల్లపిండి లేకపోతే బియ్యప్పిండి కొంచెం నీళ్లలో కలిపి పోయండి.

బియ్యం గురించి మనకు ఎవరూ చెప్పాల్సింది లేదు. కొత్త బియ్యం మెత్తగా అతుక్కుంటుంది, పాత బియ్యం పొడిపొడిగా విడుతుంది. జపాన్ పద్ధతిలో ముద్దలుగా తినే అన్నానికి కొత్త బియ్యం, ఫ్రైడ్ రైస్‌కు పాత జగిత్యాల సన్నాలు తీసుకోండి.

మార్చకూడనిది ముందే తేల్చుకోండి

అన్నీ మార్చేస్తే చివరికి మన కూరే పళ్లెంలోకి వస్తుంది. అందుకే ప్రతి వంటలో ఒకటి రెండు విషయాలను ముట్టుకోకుండా ఉంచాలి. హనోయి చేపకు పసుపు, సోయకూరల జోడీ ప్రాణం. సోయకూరకు బదులు కొత్తిమీర వేస్తే అది ఇంకో వంట అవుతుంది. రెండాంగ్‌కు కొబ్బరిపాలు ఇగిరి నూనె తేలే వరకు ఆగే ఓపిక ప్రాణం. రెసిపీ చదివాక “ఇది తీసేస్తే ఈ వంటకు ఆ పేరు మిగులుతుందా?” అని అడగండి. మిగలదనిపించిన దినుసు కింద గీత గీయండి. దాని కోసం కావాలంటే జగిత్యాల దాకా పోయి రండి. మిగతావాటికి ఇంట్లోవి సర్దుకోండి.

మన చేతికి అన్నిటికన్నా కష్టమైంది వేయకుండా ఉండటం. ఆవాలు, జీలకర్ర, కరివేపాకు పోపు, చివర చెంచాడు గరం మసాలా, మొదట్లోనే కారప్పొడి మనకు తెలియకుండానే పడిపోతాయి. ఈ వంటలు చేసే రోజు పోపుడబ్బాను పొయ్యి దగ్గర నుంచి తీసి అల్మారాలో పెట్టండి. కారం కావాల్సినవాళ్లకు పళ్లెంలో వేరే చట్నీ పెట్టండి.

ఒక రాత్రి భోజనం: నలుగురికి

ఈ భోజనంలో రెండు వంటలున్నాయి. ఒకటి హనోయి పద్ధతి చేప. రెండోది ఫిలిప్పీన్స్‌లో సినిగాంగ్ అనే పుల్లటి చారు. సినిగాంగ్‌కు పులుపు ఎక్కువగా చింతపండు నుంచే వస్తుంది, మసాలా ఏమీ పడదు. చేప కండ పెనం మీదికి, తల, ముల్లు చారులోకి పోతాయి కాబట్టి ఏదీ వృథా కాదు.

చేప: కిలోన్నర కొర్రమీను తీసుకుని, తోలు తీయించి, కండను రెండంగుళాల ముక్కలు చేయించండి. తల, నడిముల్లు విడిగా అడిగి తెచ్చుకోండి. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీనే. కండలో చిన్న ముళ్లు తక్కువ కనుక పిల్లలకు మంచిది. దొరక్కపోతే రవ్వ, బొచ్చె వాడవచ్చు కానీ ముళ్లు చూసుకుని తినాలి.

పచ్చి పసుపు కొమ్ము చిటికెన వేలంత ముక్క, లేదా ఒక చిన్న చెంచా పొడి, అంగుళం అల్లం, మూడు పెద్ద చెంచాల పుల్లటి పెరుగు, ముప్పావు చిన్న చెంచా ఉప్పు, రెండు చిన్న చెంచాల ఎండు రొయ్యల పొడి, అర చెంచా బెల్లం, ఒక పెద్ద చెంచా పల్లినూనె. అన్నీ నూరి ముక్కలకు పట్టించి అరగంట పక్కన పెట్టండి.

పెరుగు గురించి ఒక మాట చెప్పాలి. చేప, పెరుగు కలిపి తింటే బొల్లి వస్తుందని మన పెద్దలు అంటారు. బెంగాల్‌లో దోయి మాఛ్ పేరుతో చేపను పెరుగులోనే వండుకుంటారు. శరీర రక్షణ వ్యవస్థ చర్మానికి రంగునిచ్చే కణాలను దెబ్బతీయడం వల్ల బొల్లి వస్తుంది, తిండి కలయిక వల్ల రాదు. అయినా ఇంట్లో పెద్దవాళ్ల మనసు ఒప్పకపోతే వాదన పెట్టుకోవద్దు. ఒక రాత్రి పులిసిన గంజి మూడు చెంచాలు వేయండి. హనోయిలో వాడే పులిసిన మెతుకులకు నిజానికి అదే ఇంకా దగ్గర.

చారు: చిన్న నిమ్మకాయంత చింతపండు నానబెట్టండి. గంజులో లీటరుంబావు నీళ్లు పోసి, చేప తల, ముల్లు, నాలుగు ముక్కలు చేసిన ఉల్లిగడ్డ, రెండు టమాటాలు, చక్రాలుగా కోసిన ముల్లంగి, కోయకుండా రెండు పచ్చిమిర్చి వేయండి. మరిగాక మంట తగ్గించి పావుగంట ఉడకనివ్వండి. పైన తేలే నురుగు తీసేయండి. చింతపండు రసం, ఉప్పు వేసి ఇంకో ఐదు నిమిషాలు మరగనివ్వండి. దించే ముందు రెండు గుప్పెళ్ల పాలకూర వేయండి. నూనె లేదు, పోపు లేదు. మిరపకాయ చిదమకపోతే కారం పిల్లలకు సరిపడేంతే ఉంటుంది.

సేమియా: బియ్యపు సేమియా ప్యాకెట్ దొరికితే వేడినీళ్లలో నానబెడితే చాలు. దొరక్కపోతే మురుకులు ఒత్తే గొట్టం తీయండి. రెండు గ్లాసుల బియ్యప్పిండిని రంగు మారకుండా దోరగా వేయించి, ఉప్పు, చెంచా నూనె వేసి, మరిగే నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ గంటెతో కలపండి. రెండు గ్లాసులు, ఇంకొంచెం నీళ్లు పడతాయి. చెయ్యి పట్టేంత చల్లారాక మెత్తగా పిసికి, సన్నటి బిళ్ల పెట్టి, నూనె రాసిన ఇడ్లీ ప్లేట్లలో ఒత్తి, ఎనిమిది నుంచి పది నిమిషాలు ఆవిరి మీద ఉడికించండి. అంత తీరిక లేని రోజు అన్నమే వండుకోండి, భోజనానికి ఏ లోటూ రాదు.

నంజుడు: రెండు పెద్ద చెంచాల నిమ్మరసం, ఒక చెంచా బెల్లం, నాలుగు చెంచాల నీళ్లు, దంచిన రెండు ఎల్లిగడ్డ రెబ్బలు, ఒక పచ్చిమిర్చి, ఉప్పు, చిటికెడు రొయ్యల పొడి కలిపి పెట్టండి.

చివరగా చేప వేయించడం. ఇనుప పెనం బాగా కాగాక మూడు చెంచాల పల్లినూనె పోసి, ముక్కలను ఒకదానికొకటి తగలకుండా పేర్చండి. ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలు. అడుగు ఎర్రబడే వరకు కదపొద్దు, కదిపితే విరుగుతాయి. అన్నీ వేగాక మళ్లీ పెనంలోకి చేర్చి, అంగుళం పొడుగున తరిగిన రెండు కట్టల సోయకూర, ఒక కట్ట ఉల్లికాడలు వేసి, ఒక్క నిమిషం తిప్పి దించండి. ఆకు పచ్చగానే ఉండాలి. సేమియా మీద చేప, ఆకు, వేయించిన పల్లీలు వేసి, నంజుడు పోసి, పక్కన వేడి చారుతో వడ్డించండి.

నీసు తినని రోజుల్లో చేపకు బదులు పన్నీర్ గాని, పెంచిన పుట్టగొడుగులు గాని తీసుకోండి. చారులో చేప తలకు బదులు ఇంకో రెండు టమాటాలు, పుట్టగొడుగులు వేయండి. రొయ్యల పొడి బదులు చెంచాడు సోయా సాస్ సరిపోతుంది. వాన పడ్డాక అడవి అంచున మొలిచే పుట్టగొడుగులను గుర్తుపట్టడం తెలియకుండా వండవద్దు. విషపువి తినేవాటిలాగే కనిపిస్తాయి.

మంట, సమయం, చద్దన్నం

బండి మీద చేసే నూడుల్స్ రుచి ఇంట్లో ఎందుకు రాదని చాలామంది అడుగుతారు. తేడా మంటలో ఉంది. బండి బర్నర్ మంట మన గ్యాస్ పొయ్యి కన్నా ఎన్నో రెట్లు పెద్దది. మన పొయ్యి మీద నలుగురికి సరిపడా కూరగాయలు ఒకేసారి వేస్తే కడాయి చల్లబడి, నీరూరి, వేగాల్సినవి ఉడికిపోతాయి. అందుకే ఇనుప కడాయిని పొగ వచ్చే దాకా కాచి, ఇద్దరికి సరిపడా చొప్పున రెండు దఫాలుగా వేయించండి. తరిగినవన్నీ ముందే పక్కన పెట్టుకోండి. కడాయి ఎక్కాక వెతుక్కునే సమయం ఉండదు.

మన ప్రాంతంలో సమయం డబ్బు లెక్కతో ముడిపడి ఉంది. వెయ్యి బీడీలకు ఇంతని కూలి వచ్చే చెల్లెకు వంటింట్లో పోయిన ప్రతి గంటా కూలిలోంచి పోతుంది. సిరిసిల్లలో సాంచాల మీద రాత్రి షిఫ్టుకు పోయే మనిషికి పొద్దుగూకకముందే తిండి కావాలి. అందుకే పనిని పంచుకోండి. రొయ్యల పొడి, నువ్వుల పొడి, వేయించిన పల్లీలు ఆదివారం చేసి పెట్టుకుంటే పదిహేను రోజులు నడుస్తాయి. చారు ఉడికే పావుగంటలో నంజుడు కలపడం, ఆకు తరగడం అయిపోతాయి. ముందస్తు పని అయి ఉంటే చేప భోజనం గంటలో తేలుతుంది.

ఫ్రైడ్ రైస్‌కు రాత్రి మిగిలిన అన్నం మంచిదే. అయితే జగిత్యాల ఎండల్లో అన్నాన్ని గంజులోనే వదిలేయకండి. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు అన్నం ఉడికినా చావవు. వెచ్చగా ఉన్న అన్నంలో పెరిగి, మళ్లీ వేడి చేసినా పోని విషాన్ని వదులుతాయి. వండిన గంట, రెండు గంటల్లో వెడల్పాటి పళ్లెంలో ఆరబోసి ఫ్రిజ్‌లో పెట్టండి. మరుసటి రోజు వాడేయండి.

ఇంటిల్లిపాదినీ పొయ్యి దగ్గరికి తేవడం

దుబాయ్, మస్కట్, బహ్రెయిన్, ఖతార్ క్యాంపు గదుల్లో వంతులేసుకుని వండుకున్న మగవాళ్లు మన ఊర్లలో ఎందరో ఉన్నారు. పది మందికి అన్నం వార్చడం, ఉన్న సరుకుతో కూర సర్దడం వాళ్లకు తెలుసు. పక్క గదిలో ఫిలిప్పీన్స్ వాళ్లు, నేపాల్ వాళ్లు, బంగ్లాదేశ్ వాళ్లు ఏం వండుకున్నారో చూశారు, కొన్నిసార్లు కలిసి తిన్నారు. ఇంటికి రాగానే ఆ చేతులు వంటింటి గడప బయటే ఆగిపోతున్నాయి. “అక్కడ మీ పక్కోళ్లు ఏం వండుకుంటుండిరి?” అని అడగండి. అడిగితే చాలామంది చెప్పడమే కాదు, లేచి కత్తిపీట అందుకుంటారు. ఏళ్ల తరబడి ఇంటికి దూరంగా ఉన్న మనిషి తన పిల్లలకు తన చేత్తో వండి పెట్టడం కన్నా ఆ దూరాన్ని తగ్గించేది ఇంకేముంటుంది? పిల్లలకూ తండ్రి బతికిన చోటు మొదటిసారి నోటికి తెలుస్తుంది.

పెద్దవాళ్లను ఒప్పించాలని చూడకండి, పనిలోకి పిలవండి. పులుపు సరిచూడటంలో వాళ్లను మించినవాళ్లు ఇంట్లో లేరు.

“అత్తమ్మా, ఈ చారు ఒకసారి రుచి చూడుండ్రి.”

“పులుపు బాగనే ఉన్నది గని, ఇండ్ల పోపు ఏదే బిడ్డా?”

“దీనికి పోపు పెట్టరత్తమ్మా. ఉప్పు సరిపోయిందా చెప్పుండ్రి.”

“ఉప్పు ఇంకొంచెం పడ్తది. ముల్లంగి మెత్తగైంది, మంచిగున్నది.”

ఆ నాలుగు మాటలతో ఆ వంట ఆమెది కూడా అవుతుంది. ఇంకా నచ్చకపోతే ఆమెకు ఇంత పచ్చి పులుసు, తెల్లన్నం పక్కన ఉంచండి. కొత్త వంట ఎవరినీ ఆకలితో లేపకూడదు. పల్లీలు, నువ్వులు, రొయ్యలు పడనివాళ్లు ఉన్నారేమో పిల్లలనూ చుట్టాలనూ ముందే అడగండి.

ఈ నెలలో చేయాల్సిన సాధన

మొదటి వారం రెసిపీ జోలికి పోవద్దు. నోటుబుక్కులో ఏడు గడులు గీయండి: ఉప్పదనం, లోతు, పులుపు, తీపి, కారం, వాసన, చిక్కదనం. వంటింట్లో, పెరట్లో, చేనులో ఉన్నవాటిని వాటి గడుల్లో రాయండి. ఎంత సరుకు మీ చేతికి అందుబాటులో ఉందో అప్పుడు కళ్లకు కడుతుంది.

రెండో వారం చారు ఒక్కటే చేయండి. ఉడికాక ఆగి ఆగి రుచి చూస్తూ సరిచేయండి. చప్పగా ఉంటే ముందు కొంచెం ఉప్పు, అప్పటికీ లేవకపోతే పులుపు. పులుపు ఎక్కువైతే బెల్లం. తీపి ఎక్కువైతే నిమ్మ. కారం ఎక్కువైతే కొబ్బరిపాలు గాని నూరిన పల్లీలు గాని. ఉప్పు ఎక్కువైతే నీళ్లు, ఉప్పు వేయని కూరగాయలు. ఈ దిద్దుబాటు చేతికి వస్తే ఏ దేశపు వంటైనా అదుపులోకి వస్తుంది.

మూడో వారం హనోయి చేప వండండి. ఇక్కడ చెప్పినట్టే చేయండి, మార్పులు వద్దు. నాలుగో వారం మళ్లీ అదే చేయండి, ఈసారి ఒకే ఒక్క దినుసు మార్చండి. రెండు మారిస్తే ఏది మేలు చేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు. ఏం మార్చారో, ఇంట్లోవాళ్లు ఏమన్నారో తేదీతో సహా రాసుకోండి. కొన్ని నెలలకు ఆ నోటుబుక్కు మీ ఇంటి వంట పుస్తకం అవుతుంది. దాంట్లో మీ చేను పసుపు, మీ చెరువు చేప, మీ అత్తమ్మ చెప్పిన ఉప్పు ఉంటాయి. దాన్ని పక్కింటివాళ్లకు ఇవ్వండి, వాళ్లు తమ ఇంటికి తగ్గట్టు మార్చుకోనివ్వండి.